రెండోసారి కునుకు తీసే కంప్యూటర్: ఒక స్టార్టప్ కేసు

ఇళ్లలోని, చిన్న ఆఫీసుల్లోని కంప్యూటర్లు బాగుచేయడం నా పని. "ఆన్ చేస్తే లేవడానికి యుగం పడుతోంది" అనే ఫిర్యాదు వారానికి ఒకటి రెండైనా వస్తుంది. చాలావాటికి అరగంటలో దారి దొరుకుతుంది, వాటి గురించి రాయాల్సిందేమీ ఉండదు. ఈ కేసు రాస్తున్నది వేరే కారణానికి. ఇందులో నేను మొదట చేసింది ఎవరైనా చేసేదే, అయినా దానివల్ల ఒకరికి వారంన్నర పని చిక్కుపడింది. పైగా, చివరికి అసలు కారణం దొరికిన చోటు, కంప్యూటర్‌తో పాటే మొదలయ్యే ప్రోగ్రాంల పేర్లుండే స్టార్టప్ జాబితా కానే కాదు.

గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఆయన్ని ఇక్కడ మాష్టారు అంటాను.

నేపథ్యం

మాష్టారికి డెబ్బై దాటాయి. పదవీ విరమణ తర్వాత ఒక పెద్ద సంకలనానికి సంపాదకత్వం పెట్టుకున్నారు. రోజూ ఉదయం ఎనిమిదికి లాప్‌టాప్ తెరిచి పన్నెండు దాకా పనిచేస్తారు. రాత్రి పడుకునే ముందు షట్‌డౌన్ చేసి, మూత వేసి, బీరువాలో పెడతారు. ఇందులో నియమం తప్పరు. ఈ నియమానికి కేసులో పెద్ద పాత్రే ఉంది.

లాప్‌టాప్ ఆరేళ్లనాటిది. విండోస్ 10, 8 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. అందులో ఆయన ఫైళ్లు లక్షకు పైనే: పాత పేజీలను స్కాన్ చేసిన బొమ్మలు, వాటికి ఎత్తిరాసిన పాఠాలు, దిద్దుబాట్ల ప్రతులు. ఒక్కొక్కటీ చిన్నదే. మొత్తం సైజు చూస్తే భయపడాల్సిందేమీ లేదు, భయపడాల్సింది సంఖ్య చూసి. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్‌కి ఒక చుట్టుకే 11 మిల్లీసెకన్లు పడుతుంది. డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను చదవాలంటే ముల్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతూ ఉండాలి. అలా గెంతుతూ సెకనుకు వంద ముక్కలు చదవడం కూడా దానికి కష్టమే. ఒకే పెద్ద సినిమా ఫైలును గడగడా చదివేసే డిస్కే, లక్ష చిన్న ఫైళ్ల ముందు కుంటుతుంది.

వచ్చిన సమస్య

ఫోన్లో ఆయన అన్న మాటలు ఇవి:

"బాబూ, ఆన్ చేశాక ఆరేడు నిమిషాలు పలకదు. తర్వాత లేస్తుంది. నేను రాసుకుంటూ ఉంటే కాసేపటికి మళ్లీ కునుకు తీస్తుంది. ఇక విసుగొచ్చి రీస్టార్ట్ కొడతాను."

నేను పనుల పుస్తకంలో రాసుకున్నది రెండు మాటలు: "బూట్ స్లో", అంటే లేవడం నెమ్మది. మిగతా మూడు వాక్యాలూ నా చెవిలో పడ్డాయి కానీ కాగితం మీదకి రాలేదు. వయసైనవాళ్లు కాస్త పెంచి చెబుతారులే అనుకున్నానేమో. నిజానికి రోగ నిర్ధారణ మొత్తం ఆ మూడు వాక్యాల్లోనే ఉంది.

మొదటిసారి వెళ్లినప్పుడు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, నడుస్తున్న ప్రోగ్రాంలను చూపించే టాస్క్ మేనేజర్ తెరిచాను. విండోస్ 8 నుంచీ స్టార్టప్ జాబితా అందులోనే ఉంటోంది. అంతకుముందు ఎమ్మెస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సాధనంలో ఉండేది. జాబితాలో 23 వరసలున్నాయి, వాటిలో 17 ఎనేబుల్ అయి ఉన్నాయి. 'స్టార్టప్ ఇంపాక్ట్' అన్న గడి మీద నొక్కి, 'హై' అన్నవన్నీ పైకి వచ్చేలా పెట్టాను. పై నుంచి కిందికి వెళ్తూ పన్నెండు డిసేబుల్ చేశాను. మీటింగుల ప్రోగ్రాం, పాటల ప్రోగ్రాం, స్కానర్‌తో వచ్చిన సహాయక ప్రోగ్రాం, ప్రింటర్ ఇంకు లెక్క చెప్పేది, వాతావరణం చూపించేది, రెండు మూడు అప్‌డేటర్లు, ఫైళ్లను సింక్ చేసే, అంటే వేర్వేరు కంప్యూటర్లలో ఒకేలా ఉంచే ప్రోగ్రాం. బ్యాటరీ, సౌండు, టచ్‌ప్యాడ్‌లకు సంబంధించినవి వదిలేశాను.

అప్పుడు నా ఆలోచన ఇంతే: 'హై' అంటే బరువు, బరువు తీస్తే తేలిక. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ 'హై' అన్న ముద్ర ఎప్పుడు పడుతుందో చూడండి. మొదలయ్యేటప్పుడు ప్రోగ్రాం ప్రాసెసర్‌ని ఒక సెకను కన్నా ఎక్కువ వాడినా, డిస్క్ మీద 3 ఎంబీ కన్నా ఎక్కువ చదివి రాసినా అది 'హై'. ఈ రోజుల్లో 3 ఎంబీ దాటని ప్రోగ్రాం ఎక్కడుంది? కాబట్టి ఆ గడి చూసి ఒకటి 4 ఎంబీ చదివిందా, 400 చదివిందా అన్న తేడా కనిపెట్టలేం. ఆ ప్రోగ్రాం ఆ మనిషికి ఎంత అవసరమో అది అసలు చెప్పదు. నేను మాత్రం ఆ గడినే తీర్పుగా తీసుకున్నాను.

ఇంకో తప్పు, ముందు ఎంత సమయం పడుతోందో కొలవలేదు. తర్వాత కూడా కొలవలేదు. కంటికి వేగంగా అనిపించింది, ఆయనకూ అనిపించింది, వచ్చేశాను.

బెడిసికొట్టింది

పది రోజులకు ఫోన్. ఈసారి లాప్‌టాప్ నెమ్మది గురించి కాదు.

"బాబూ, నేను దిద్దిన పేజీలు ఆ అమ్మాయికి అందడం లేదట. నువ్వు వచ్చి వెళ్లిన రోజు నుంచీ."

ఆ అమ్మాయి ఆయన ప్రూఫ్ రీడర్. వేరే చోట ఉంటుంది. ఇద్దరూ ఒకే ఫోల్డర్‌ని సింక్ ద్వారా పంచుకుంటారు. నేను 'హై' చూసి ఆపేసిన వాటిలో ఆ సింక్ ప్రోగ్రాం ఒకటి. అది ఆగిందని ఏ హెచ్చరికా రాదు, రాదు కూడా మరి: హెచ్చరిక ఇవ్వాల్సిన ప్రోగ్రామే నడవడం లేదు. గడియారం పక్కన ఒక చిన్న గుర్తు లేకపోవడం తప్ప తెర మీద తేడా ఏమీ లేదు. లేని గుర్తును ఎవరు గమనిస్తారు?

ఈ పది రోజులూ ఆయన ఇక్కడ దిద్దారు, ఆ అమ్మాయి అక్కడ పాత ప్రతుల మీదే దిద్దింది. సింక్ మళ్లీ మొదలుపెట్టగానే ఒకే పేరుతో రెండేసి ప్రతులు వచ్చిపడ్డాయి. మొత్తం 31 ఫైళ్లు. ఏది ఎవరిదో, ఏ దిద్దుబాటు ఉంచాలో యంత్రం చెప్పలేదు. వాళ్లిద్దరూ నాలుగు రోజులు ఫోన్లో కూర్చుని వాక్యం వాక్యం పోల్చుకున్నారు. నన్ను మాష్టారు ఒక్క మాట అనలేదు. అనుంటే కాస్త తేలిగ్గా ఉండేది.

అక్కడి నుంచి నేను జాబితా చదివే పద్ధతి మారింది. ఇప్పుడు ప్రతి వరస దగ్గరా ఆగి ఒకటే ప్రశ్న వేసుకుంటాను: ఇది ఆగిపోతే ఎవరికి, ఎప్పుడు తెలుస్తుంది? టచ్‌ప్యాడ్ సహాయకం ఆపితే రెండు వేళ్లతో జరపడం పనిచేయక పదో సెకనులోనే తెలుస్తుంది. తెలిసిన వెంటనే తిరిగి పెట్టుకోవచ్చు, నష్టం లేదు. పాటల ప్రోగ్రాం ఆపితే ఎప్పటికీ తెలియదు, కావలసినప్పుడు నొక్కితే అదే తెరుచుకుంటుంది. ఇక మూడో రకం ఉంది. ఆగిన సంగతి పనికిరాని సమయంలో, అంటే నష్టం జరిగిపోయాకే తెలిసేది. సింక్, బ్యాకప్, రక్షణ ప్రోగ్రాంలు ఆ కోవలోవి. వీటి మీద చెయ్యి వేసే ముందు మనిషిని అడగాలి, "ఇది దేనికి వాడుతున్నారు?" అని. జాబితాలో పేరు చూసి ఊహించకూడదు.

తిరిగొచ్చిన ప్రోగ్రాం

రెండోసారి వెళ్లినప్పుడు ఇంకోటి కనిపించింది. నేను ఆపేసిన మీటింగుల ప్రోగ్రాం మళ్లీ ఎనేబుల్ అయి కూర్చుంది. మాష్టారు ముట్టుకోలేదు. అయితే ఎలా?

టాస్క్ మేనేజర్‌లో 'డిసేబుల్' నొక్కితే ఆ వరస చెరిగిపోదు. విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో, ఏవేవి మొదలవ్వాలో రాసి ఉండే రన్ కీలో అలాగే ఉంటుంది. 'స్టార్టప్ అప్రూవ్డ్' అన్న వేరే చోట, ఆ పేరు పక్కన "దీన్ని నడపొద్దు" అన్న గుర్తు మాత్రం పడుతుంది. గుర్తు పేరుకి కట్టుబడి ఉంటుంది. ప్రోగ్రాం అప్‌డేట్ అయినప్పుడు కొత్త పేరుతో కొత్త వరస రాసుకుంటే విండోస్ దృష్టిలో అది కొత్త మనిషే, దానికి పాత నిషేధం వర్తించదు. ఇక్కడ జరిగింది అదే. పాత వరస డిసేబుల్ అయి పక్కనే ఉంది, దాని కింద కొంచెం తేడా పేరుతో కొత్తది.

అందుకే ఆ ప్రోగ్రాం తెరిచి, దాని సెట్టింగ్స్‌లోనే "కంప్యూటర్ మొదలైనప్పుడు నన్నూ మొదలుపెట్టు" అన్న టిక్ తీసేశాను. అప్పుడది తన వరసను తానే తీసేసుకుంటుంది, అప్‌డేట్ వచ్చినా సాధారణంగా ఆ ఇష్టాన్ని గుర్తుంచుకుంటుంది. ఇప్పుడు నా వరసక్రమం ఇదే: ముందు ప్రోగ్రాం సొంత సెట్టింగ్స్, అక్కడ దారి లేకపోతేనే టాస్క్ మేనేజర్.

గడియారం పెట్టి కొలవడం

ఈసారి స్టాప్‌వాచ్ తీశాను. కానీ ఏది కొలవాలి? "ఆన్ అయింది" అంటే లాగిన్ తెర రావడమా, డెస్క్‌టాప్ కనిపించడమా? మాష్టారికి ఆ రెండూ లెక్కలోవి కావు. నిన్నటి ఫైలు తెరుచుకుని, అందులో ఒక వాక్యం కొడితే అక్షరాలు వెంటనే పడాలి. అదీ ఆయన దృష్టిలో ఆన్ అవ్వడం. అందుకని మూడు గుర్తులు పెట్టుకున్నాను: లాగిన్ తెర, డెస్క్‌టాప్, మొదటి వాక్యం.

మొదటి ప్రయత్నంలోనే లెక్కలు పొంతన కుదరలేదు. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే ఒక సమయం, రీస్టార్ట్ చేస్తే దానికి ఎంతో తేడాగా ఇంకో సమయం. కారణం ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8తో వచ్చిన ఈ ఏర్పాటులో షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆపడం కాదు. మీ ప్రోగ్రాంలను మూసేసి, విండోస్ గుండెకాయను మాత్రం డిస్క్ మీద భద్రపరిచి, మర్నాడు దాన్ని అలాగే లేపుతుంది. రీస్టార్ట్ చేస్తేనే నిజంగా మొదటి నుంచీ మొదలవుతుంది. కాబట్టి ఒక షట్‌డౌన్‌ని ఇంకో రీస్టార్ట్‌తో పోల్చి "మెరుగైంది" అంటే అర్థం లేదు. పరీక్ష సాగినన్నాళ్లూ ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాను, ప్రతిసారీ రీస్టార్టే చేశాను. సింక్ తిరిగి పెట్టాక తీసిన మొదటి లెక్క: లాగిన్ తెర 50 సెకన్లకు, అక్కడి నుంచి డెస్క్‌టాప్ ఇంకో 20 సెకన్లకు, మొదటి వాక్యం 5 నిమిషాలకు.

ఇదే విషయం విండోస్ కూడా రాసిపెట్టుకుంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో డయాగ్నొస్టిక్స్ పెర్ఫార్మెన్స్ అన్న పద్దులో 100 నంబరు ఈవెంట్ బూట్ లెక్క చెబుతుంది. డెస్క్‌టాప్ వచ్చేదాకా ఎంత, ఆ తర్వాత యంత్రం తీరికపడేదాకా ఎంత అని విడివిడిగా. అక్కడా అదే చిత్రం: మొదటి భాగం మామూలే, రెండోది చాంతాడంత. అంటే విండోస్ లేవడంలో తేడా లేదు, లేచాక వెంటబడే వాళ్లతోనే తంటా. పరికరాలను నడిపించే డ్రైవర్లు, విండోస్ కన్నా ముందు లేచే బయాస్ వైపు వెళ్లాల్సిన పని అక్కడితో తప్పింది.

డెస్క్‌టాప్ వచ్చాక చూస్తే బ్రౌజర్ తనంతట తానే ముప్పై చిల్లర ట్యాబులతో తెరుచుకుంటోంది. స్టార్టప్ జాబితాలో బ్రౌజర్ లేదు. సైన్ ఇన్ సెట్టింగ్స్‌లో, కిందటిసారి తెరిచి ఉన్న యాప్‌లను లాగిన్ కాగానే మళ్లీ తెరిచే టిక్ ఒకటి ఉంటుంది. అది పెట్టి ఉంది. మాష్టారు బ్రౌజర్‌ని ఎప్పుడూ మూయరు, నేరుగా షట్‌డౌన్ చేస్తారు. టిక్ తీసేశాను. మొదటి వాక్యం 3 నిమిషాల 20 సెకన్లకు దిగింది.

రెండో కునుకు

ఇక్కడే లేచి వెళ్లిపోయేవాణ్ణి. మాష్టారే ఆపారు.

"అదొక్కటే కాదు బాబూ. కాసేపు కూర్చో, మళ్లీ ఆగుతుంది చూడు."

కూర్చున్నాను. ఆయన రాసుకుంటున్నారు, నేను పక్కన, ఏ ప్రోగ్రాం డిస్క్‌ని ఎంత వాడుతోందో చూపించే రిసోర్స్ మానిటర్‌లో డిస్క్ పేజీ తెరిచి పెట్టుకున్నాను. ఐదో నిమిషం, ఏడో నిమిషం, అంతా సాఫీ. పది దాటింది. డిస్క్ కోసం ఎన్ని పనులు వరసలో ఉన్నాయో చూపించే క్యూ గీత ఒక్కసారిగా నిలువునా లేచింది. ఫైళ్ల పక్కన స్పందన సమయం మిల్లీసెకన్లలో చూపించే గడిలో రెండంకెల నుంచి నాలుగంకెలకు ఎక్కింది. ఆయన 'క' కొట్టారు, అది తెర మీదకి రావడానికి రెండు సెకన్లు పట్టింది. "చూశావా?" అన్నట్టు నా వైపు తిరిగారు.

పై వరసలో ఒక బ్యాకప్ ప్రోగ్రాం. స్కాన్ బొమ్మల ఫోల్డర్‌ని ఒక్కో ఫైలే తెరిచి చూస్తోంది. దాని వెంటే రక్షణ ప్రోగ్రాం, తెరిచిన ప్రతి ఫైలునీ తనిఖీ చేస్తోంది. వాటి మధ్య మాష్టారి 'క' వంతు కోసం నిలబడి ఉంది.

స్టార్టప్ జాబితాలో ఈ బ్యాకప్ పేరు లేదు. రన్ కీల్లో, స్టార్టప్ ఫోల్డర్‌లో కూడా లేదు. అప్పుడు ఆటోరన్స్ తెరిచాను. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ సాధనాల్లో ఇదొకటి, ఇప్పుడు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తోంది. తనంతట తాను మొదలయ్యేది ఎక్కడ దాక్కున్నా ఒకేచోట చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ వరసలు దాచమని పెట్టగానే జాబితా తెర ఒకటిన్నరకు కుదించుకుంది. పసుపు రంగులో నాలుగు వరసలున్నాయి, అంటే ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాంల ఆనవాళ్లు, ఫైలే లేదు. చాలామంది ముందు వాటి మీద పడతారు. వాటివల్ల పోయే సమయం లెక్కలోకి రాదు, అందుకని వదిలేశాను. షెడ్యూల్డ్ టాస్క్స్ విభాగంలో దొరికింది బ్యాకప్.

పనులకు సమయం పెట్టే టాస్క్ షెడ్యూలర్‌లో దాన్ని విప్పి చూస్తే, అది లాగిన్‌కి ముడిపెట్టిన పని కానే కాదు. రోజూ రాత్రి 2 గంటలకు నడవమని పెట్టి ఉంది. ఎప్పుడో ఎవరో ప్రోగ్రాం వేసినప్పుడు అది తనకు తానుగా ఎంచుకున్న సమయం. రాత్రి రెండింటికి ఈ లాప్‌టాప్ బీరువాలో ఉంటుంది. సెట్టింగ్స్ పేజీలో ఇంకో టిక్ ఉంది: సమయం తప్పిపోతే వీలైనంత త్వరగా నడుపు. అలా తప్పిపోయిన పనులను విండోస్ లేవగానే మొదలుపెట్టదు, వరసలో పెట్టి కాసేపు ఆగుతుంది. ఆ ఆగే సమయం మామూలుగా పది నిమిషాలు. మాష్టారు చెప్పిన "కాసేపటికి" అంటే అదే.

అక్కడితో అయిపోలేదు. పని మొదలవుతుంది, కంప్యూటర్ బిగుసుకుంటుంది, ఆయన విసిగి రీస్టార్ట్ కొడతారు. బ్యాకప్ మధ్యలో తెగుతుంది. మర్నాడు రాత్రి రెండు మళ్లీ తప్పిపోతుంది, ఉదయం మళ్లీ మొదటి ఫైలు నుంచి. రోజూ ఇదే తంతు. కిందటిసారి ఫలితం చూపించే గడిలో, పని సవ్యంగా ముగిస్తే ఉండాల్సిన సున్నా లేదు. బ్యాకప్ ప్రోగ్రాం తెరిచి చరిత్ర చూశాను. చివరిసారి పూర్తయింది ఏడు నెలల కిందట.

ఆయనకి ఆ మాట చెప్పడానికి కొంచెం సమయం తీసుకున్నాను. ఏడు నెలలుగా ఈ సంకలనానికి ఒక్క పూర్తి ప్రతి కూడా బయట లేదు. సింక్ ఫోల్డర్‌లో ఉన్నది దిద్దుతున్న అధ్యాయాలే. స్కాన్ బొమ్మలన్నీ ఈ ఒక్క ఆరేళ్ల డిస్క్ మీదే.

ఏ దారి ఎంచుకోవాలి

అప్పుడు నా ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, ఆ టాస్క్‌ని డిసేబుల్ చేయడం. ఒక్క నొక్కు. కంప్యూటర్ ఆ క్షణం నుంచే హాయిగా నడుస్తుంది, నాకు మంచి పేరు వస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడే ఈ టాస్క్ కంటపడి ఉంటే సరిగ్గా అదే చేసేవాణ్ణి. డిస్క్ పాడైన రోజున గానీ నేను చేసింది ఎవరికీ తెలిసేది కాదు.

రెండు, ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్ వేయడం. దీని మీద నాకు అభ్యంతరం లేదు, ఇలాంటి యంత్రానికి అంతకు మించిన మందు లేదు. గెంతే ముల్లే ఉండదు కాబట్టి లక్ష ఫైళ్లూ ఇబ్బంది పెట్టవు. కానీ డిస్క్ మార్చడానికి ముందు పూర్తి ప్రతి ఒకటి చేతిలో ఉండాలి, అది లేదు. పైగా ఎస్‌ఎస్‌డీ వేస్తే నెమ్మదితనం పోయేది, దానితో పాటు నన్ను ఈ టాస్క్ దాకా నడిపించిన ఆనవాలు కూడా పోయేది.

మూడు, పనిని ఉంచి సమయం మార్చడం.

ముందుగా బయటి డిస్క్ ఒకటి తగిలించి, మొత్తం ఫోల్డర్‌ని చేత్తోనే కాపీ చేశాం. దానికే మధ్యాహ్నం గడిచిపోయింది. ఆ రాత్రి మాత్రం నియమం తప్పమన్నాను: లాప్‌టాప్ బీరువాలో పెట్టకుండా, చార్జర్ తగిలించి, నిద్రపోకుండా సెట్టింగ్ మార్చి, బ్యాకప్‌ని చేత్తో మొదలుపెట్టి వదిలేశాం. ఉదయానికి పూర్తయింది. ఒకసారి పూర్తయ్యాక తర్వాతి రోజుల్లో మారిన ఫైళ్లు మాత్రమే చూసుకుంటుంది కాబట్టి పది నిమిషాల లోపే ముగుస్తోంది.

సమయాన్ని మధ్యాహ్నం 12:30కి మార్చాను. ఆయన పన్నెండుకు లేస్తారు, లాప్‌టాప్ సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. టాస్క్ షెడ్యూలర్‌లో చార్జర్ ఉంటేనే నడవాలన్న షరతు మామూలుగా పెట్టే ఉంటుంది, ఇక్కడా ఉంది. ఆ సమయానికి చార్జర్ తగిలించి ఉంచమని చెప్పాను.

తేలనిది ఒకటుంది: తప్పిపోతే తర్వాత నడుపు అన్న టిక్ ఉంచాలా, తీయాలా? తీసేస్తే రెండో కునుకు శాశ్వతంగా పోతుంది. కానీ ఏ రోజైనా 12:30కి లాప్‌టాప్ మూసి ఉంటే ఆ రోజు బ్యాకప్ చప్పుడు లేకుండా తప్పిపోతుంది. అలాంటివి వరసగా పడితే మళ్లీ ఏడు నెలలే. ఉంచితే మర్నాడు ఉదయం పది నిమిషాలు మొరాయిస్తుంది, అది కంటికి కనిపించే ఇబ్బంది. నేను ఉంచాను. "ఎప్పుడైనా పొద్దున పది నిమిషాలకి ఆగిందంటే నిన్న బ్యాకప్ తప్పిందని అర్థం మాష్టారూ, రీస్టార్ట్ చేయకుండా అటూ ఇటూ తిరిగి రండి" అన్నాను. ఆయనకది నచ్చింది.

ఇంతకీ ఇది విండోస్ జబ్బు మాత్రమే కాదు. లైనక్స్‌లో యానాక్రాన్ చేసేది అచ్చంగా ఇదే, తప్పిపోయిన పనులను యంత్రం లేచాక నడపడం. అక్కడే పనులకు సమయం పెట్టే సిస్టమ్‌డీ టైమర్‌లో 'పర్సిస్టెంట్' అని పెట్టినా అంతే. అర్ధరాత్రి సమయాలు సర్వర్ల కోసం పుట్టినవి. రాత్రి పడుకునే లాప్‌టాప్‌లో పెడితే ఆ పనులన్నీ వచ్చి ఉదయం మీద పడతాయి.

మిగతా సర్దుబాటు

స్టార్టప్‌లో శాశ్వతంగా ఆపినవి తొమ్మిది. ఒక్కోటీ ఆయన్ని అడిగే ఆపాను. సింక్ అందరికన్నా ముందే మొదలవ్వాలి, దాన్ని ముట్టుకోలేదు. రక్షణ ప్రోగ్రాం గుర్తును కూడా అలాగే ఉంచాను. ఆ గుర్తు ఆపితే రక్షణ ఆగదు, కానీ హెచ్చరిక వచ్చినప్పుడు కంటపడదు. ఆటోరన్స్‌లో ఏదీ డిలీట్ చేయలేదు, టిక్ తీశానంతే. టిక్ తీస్తే వరస పక్కకు వెళ్లి దాక్కుంటుంది, తిరిగి పెట్టుకోవచ్చు. డిలీట్ చేస్తే వెనక్కి రాదు.

మధ్యలో మాష్టారి బంధువు ఒకాయన ఫోన్ చేసి రిజిస్ట్రీ క్లీనర్ వేయమని, ఎమ్మెస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్య పెంచమని సలహా ఇచ్చారు. రెండోది అసలు పెంచేది కాదు, పరీక్షల కోసం తగ్గించే సాధనం. టిక్ లేకపోతే విండోస్ ఉన్న కోర్‌లన్నీ ఎలాగూ వాడుకుంటుంది. మొదటిదాని గురించి చెప్పాలంటే, ఆ నాలుగు పసుపు వరసల్లాంటివి నాలుగు వందలు తీసినా ఈ డిస్క్ ముల్లు ఒక్క గెంతు తగ్గించదు. మర్యాదగా వద్దన్నాను.

సర్వీసులన్నీ ఆపి సగం సగం తెరుస్తూ వెతికే క్లీన్ బూట్ పద్ధతి కూడా చేయలేదు. నిందితుడు కనిపించనప్పుడు అది మంచి దారి. ఇక్కడ రిసోర్స్ మానిటర్ పేరుతో సహా చూపించాక దాని అవసరం లేకపోయింది.

చివరి లెక్క: లాగిన్ తెర 50 సెకన్లు, ఏమీ మారలేదు. అక్కడి నుంచి డెస్క్‌టాప్ 15. మొదటి వాక్యం 1 నిమిషం 50 సెకన్లు. పదో నిమిషంలో ఏమీ జరగలేదు. ఫాస్ట్ స్టార్టప్‌ని తిరిగి పెట్టేశాను, తిరిగే డిస్క్‌కి అది మేలే. "ఎప్పుడైనా తేడాగా ఉంటే షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయండి, కానీ పది నిమిషాల కునుకప్పుడు మాత్రం వద్దు" అని రెండుసార్లు చెప్పాను. ఇందులో తిరకాసు ఉందని నాకూ తెలుసు, ఆయన నవ్వారు.

తర్వాత

వెళ్లే ముందు డెస్క్‌టాప్ మీద ఒక టెక్స్ట్ ఫైలు పెట్టాను. ఏ తేదీన ఏది ఆపాను, ఎందుకు ఆపాను, తిరిగి కావాలంటే ఎక్కడ నొక్కాలి అని, ఒక్కోదానికి ఒక్క వాక్యం. నేనే మళ్లీ వచ్చినా, ఇంకెవరైనా వచ్చినా ఊహించాల్సిన పని ఉండకూడదని. ఇప్పుడు ప్రతి కేసులోనూ ఇది చేస్తున్నాను. పనుల పుస్తకంలో ఫిర్యాదును నా మాటల్లో కాకుండా వాళ్ల మాటల్లోనే, మొత్తం వాక్యాలూ రాసుకుంటున్నాను.

నాలుగు నెలల తర్వాత ఎస్‌ఎస్‌డీ వేయడానికి వెళ్లాను. బ్యాకప్ చరిత్రలో మధ్యలో మూడు రోజులు తప్పాయి, మూడూ మర్నాడు ఉదయమే పూర్తయ్యాయి. మీటింగుల ప్రోగ్రాం మళ్లీ తలెత్తలేదు. ఆ టెక్స్ట్ ఫైలు తెరిస్తే నా వరసల కింద మాష్టారు ఒకటి చేర్చి ఉన్నారు, తేదీతో సహా:

"వాతావరణం చూపించేది తిరిగి ఎనేబుల్ చేశాను. పొద్దున్నే చూడటం అలవాటు. స్టాప్‌వాచ్ పెట్టి చూశాను, 6 సెకన్లు పెరిగింది. పర్వాలేదు."